దీవిలో కాపురం: అక్కాచెల్లెళ్ళ తగువు

మా ఆవిడ విజయనగరంలో హైస్కూలు లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడ చెల్లెలు, అంటే మా మరదలు, చాలా ఏళ్ళుగా మారిషస్‌లో కాపురం ఉంటోంది. తోడల్లుడికి ఎబెన్‌లో అకౌంట్సు ఉద్యోగం. ఇల్లు కాత్ర్ బోర్న్‌లో. పిల్లలిద్దరు, అబ్బాయి ఎనిమిదో తరగతి, అమ్మాయి నాలుగు. అక్కాచెల్లెళ్ళకి చీరల దగ్గరా, బంగారం దగ్గరా, నాన్నగారి ఇంటి వాటాల దగ్గరా ఏనాడూ మాట తేడా రాలేదు. ఆ దీవి దగ్గరే వస్తుంది. ఇన్నాళ్ళూ ఫోన్లో నడిచిన తగువు మేం జులైలో అక్కడికి వెళ్ళాక ఎదురెదురుగా నడిచింది. సంతలో మొదలై సముద్రం ఒడ్డున ముదిరి, ముగింపు వంటింట్లో పడింది. మధ్యలో భోజనాలూ బస్సు ప్రయాణాలూ తీసేసి, మాటల్ని ఒక వరసలో పెట్టాను. నేను నోరెత్తలేదు. నన్నెవరూ అడగలేదు కూడా.

అక్క: సూటిగా అడుగుతాను, కోపం తెచ్చుకోకు. వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను, ఈ ఊళ్ళో పరిగెత్తే మనిషి కనబడలేదు. సాయంత్రం ఆరు కాకుండానే కొట్లు కట్టేస్తున్నారు. మీ ఆయన చీకటి పడకముందే ఇంట్లో ఉంటున్నాడు. ఆదివారం వస్తే గిన్నెలు సర్దుకుని సముద్రానికి బయల్దేరుతున్నారు. బొమ్మల క్యాలెండర్లో కాపురం పెట్టినట్టుంది. ఇది బతుకా, సెలవా?

చెల్లెలు: సెలవైతే నేను తెల్లారకుండా ఎందుకు లేస్తాను అక్కా? క్యారేజీలు కట్టాలి. సందు చివర కొట్లో వేడి రొట్టెలు అయిపోకముందే తేవాలి. పిల్లదాని యూనిఫాం రాత్రి ఆరేస్తే పొద్దున్నకీ తడిగానే ఉంటుంది, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టాలి. జులైలో ఇక్కడ చలికాలం. సముద్రం ఒడ్డున ఎండ కాస్తుంటే ఈ పీఠభూమి మీద ముసురు వదలదు. క్యూర్‌పిప్ వాళ్ళయితే గొడుగు లేకుండా గడప దాటరు. క్యాలెండర్లో ఈ బొమ్మ వెయ్యరు.

అక్క: బట్టలు ఆరకపోవడం కష్టమైతే విజయనగరంలో శ్రావణమాసం కూడా కష్టమే. నేనడిగేది పిల్లల సంగతి. వీడి వయసు పిల్లలు మన దగ్గర స్కూలు అవగానే ఫౌండేషన్ క్లాసుకి వెళ్తారు. రాత్రి తొమ్మిదికి ఇంటికొస్తారు. వీడు శనివారం పొద్దున్నే తెడ్డు పట్టుకుని పడవ తోసుకుంటూ పోయాడు.

చెల్లెలు: పోయి పదకొండింటికి వచ్చి లెక్కలు చేసుకున్నాడు. నువ్వే కదా దిద్దావు, తప్పులున్నాయా?

అక్క: లేవు. అది వేరే సంగతి.

(వేరే సంగతి కాదు. మా ఆవిడ వాడికి వర్గ సమీకరణాలిచ్చి చూసింది. ఆ రాత్రి నాతో, “పిల్లాడు చురుకే, వీళ్ళు పాడుచేస్తున్నారు,” అంది.)

చెల్లెలు: ఇక్కడ చదువు ఒత్తిడి లేదని నీకెవరు చెప్పారు? ట్యూషన్ల పిచ్చి మనకి ఏమీ తీసిపోదు. ప్రైమరీ ఆఖరి పరీక్షకి తల్లులు ఉపవాసాలుంటారు. ఆ పోటీ మరీ ముదిరిందని 2017లో ఆ పరీక్ష పద్ధతే మార్చారు. పదమూడో తరగతి అయ్యాక సర్కారు స్కాలర్‌షిప్పు తెచ్చుకున్నవాళ్ళని లారియేట్లంటారు. ఆ పేర్లు చెప్పే రోజున టీవీ ముందు జనాన్ని చూడాలి, మన ఐఐటీ ర్యాంకుల రోజే.

అక్క: మరైతే ఇక్కడి తీరిక ఎక్కడుంది? ఇక్కడివాళ్ళూ పిల్లల్ని ట్యూషన్లకి తోలుతుంటే, నువ్వొక్కదానివే పడవలకి పంపుతున్నావన్నమాట.

చెల్లెలు: వాళ్ళు ఆదివారం వదులుతారు. మనం ఆదివారం కూడా వదలం. తేడా అదే.

అక్క: పడవ అంటే గుర్తొచ్చింది. భీమిలి పక్కనే పుట్టి పెరిగాం. నాన్న మనల్ని మోకాలి లోతు దాటి దిగనిచ్చాడా? నువ్వేమో పిల్లదాన్ని నడుము లోతులో వదిలేసి ఒడ్డున కూర్చుని అనాసపండు తింటున్నావు.

చెల్లెలు: నాన్న చెప్పింది ఆ సముద్రానికి సరైన మాటే. విశాఖ ఒడ్డున అడుగు వేస్తే లోతు, అల తిరిగి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకతో సహా లాగేస్తుంది. ఇక్కడ పగడపు దిబ్బ దీవిని దాదాపు చుట్టేసి ఉంటుంది. అదిగో, దూరంగా తెల్లగా గీత కనిపిస్తోందే, పెద్ద అల అక్కడే విరిగిపోతుంది. ఇటువైపు మిగిలేది మడుగు. ఆటూపోటూ కూడా తక్కువే. దక్షిణాన గ్రి గ్రి అనే చోట ఆ దిబ్బ లేదు. అక్కడ అల నేరుగా నల్లరాతి కొండచరియని కొడుతుంది. అక్కడికి తీసుకెళ్తే నేనూ పిల్లల చెయ్యి వదలను. ఇక్కడ భయం అలతో కాదు, కింద ఏముందోనని. నల్లటి ముళ్ళ జీవులుంటాయి, రాయిలా కదలకుండా పడుకునే విషపు చేప ఉంటుంది. అందుకే రబ్బరు జోళ్ళు లేకుండా దిగనివ్వను.

అక్క: ఆ దిబ్బకే కదా ఓడ గుద్దుకుంది? పేపర్లో చూసి నీకు ఫోన్ చేశాను.

చెల్లెలు: వకాషియో. 2020 జులై 25న ఎక్కింది. పన్నెండు రోజులు అందరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆగస్టు 6న నూనె కారడం మొదలైంది. వెయ్యి టన్నుల దాకా పోయింది. సర్కారు ఏదో చేస్తుందని జనం ఆగలేదు. చెరుకు ఆకులు ఎండినవి గుడ్డ గొట్టాల్లో కూరి, కుట్టి, ఖాళీ సీసాలు కట్టి నీళ్ళమీద తేలేసి, నూనె ఒడ్డుకి రాకుండా అడ్డం పెట్టారు. కొందరు జుట్టు కత్తిరించి ఇచ్చారు, జుట్టు నూనె పీలుస్తుందని. మా వీధిలోనూ కుట్టుమిషన్లన్నీ బయటికొచ్చాయి. నేనూ కుట్టాను. కాపురం పెట్టాక ఈ ఊరు నాది అనిపించింది ఆ వారమే.

అక్క: అనిపించడం వేరు, అవడం వేరు. మీ ఆయన పర్మిట్ ఉద్యోగానికి కట్టి ఉందా లేదా?

చెల్లెలు: ఉంది.

అక్క: హైదరాబాద్‌లో ఉద్యోగం పోతే ఇల్లు మారతారు. ఇక్కడ పోతే దేశం మారాలి. పిల్లాడు పదో తరగతిలో ఉండగా ఆ కబురొస్తే? మీ పక్కింటావిడకైతే ఇల్లుంది, ఓటుంది, అత్తారిల్లూ పుట్టిల్లూ అరగంట దూరంలో ఉన్నాయి. ఆవిడ ఆదివారం తీరిగ్గా కూర్చుందంటే అర్థముంది. నువ్వు ఎవరిదో అరుగు మీద కూర్చుని మా ఇల్లు చల్లగా ఉందంటున్నావు.

(ఈ దెబ్బకి మరదలు కాసేపు మాట్లాడలేదు. అనాసపండు ముక్కలకి చింతపండూ ఉప్పూ కారం రాసిస్తారక్కడ. పళ్ళెం మా ఆవిడ వైపు జరిపింది. మా ఆవిడ తీసుకుంది.)

చెల్లెలు: అరుగు ఎవరిదైనా, కూర్చోమన్నది వాళ్ళే. మేం మొదట్లో కూర్చోలేదు. మనవాళ్ళు నలుగురైదుగురు ఆఫీసువాళ్ళం కలిసి ఆదివారం హోటళ్ళకి పోయేవాళ్ళం. పొద్దున్నించి సాయంత్రం దాకా భోజనంతో కలిపి ఇంతని టిక్కెట్టు. ఈతకొలను పక్కన కూర్చుని హైదరాబాద్‌లో ఫ్లాట్ల రేట్లు మాట్లాడుకునేవాళ్ళం. గ్రాన్ బే వైపూ, తామరాన్ వైపూ విల్లాల్లో ఉండే దొరలైతే అదీ ఉండదు, వాళ్ళ ప్రపంచం గేటు లోపలే. పదేళ్ళున్నా బస్సెక్కరు. తర్వాత ఒక ఆదివారం మా పక్కింటావిడ తలుపు కొట్టి, బస్సులో రెండు సీట్లున్నాయి, వస్తారా అంది.

అక్క: ఏ బస్సు?

చెల్లెలు: పిక్నిక్ బస్సు. ఇక్కడ చుట్టాలంతా చందాలేసుకుని బస్సు మాట్లాడుకుంటారు. మామూలు రూటు బస్సునే. ముందు సీట్లలో ముసలమ్మలు, వెనక బిర్యానీ డేగిసా. మూతకి గుడ్డ చుట్టి, అది బస్సులో వొలక్కుండా ఒక మేనల్లుణ్ణి దాని పక్కన కూర్చోబెట్టారు. మలుపు వచ్చినప్పుడల్లా వాడు దాన్ని కావలించుకునేవాడు. ఇదే ఒడ్డుకి వచ్చాం. సరుగుడు చెట్ల మధ్య తాడు కట్టి టార్పాలిన్ వేశారు, బల్ల వేశారు, గ్యాస్ పొయ్యి మీద మిరపకాయ వడలకి నూనె పెట్టారు. శనగపప్పు వడే, గోలీ అంత సైజు, దాన్ని రొట్టె మధ్య పెట్టి తింటారు. మగాళ్ళు లివర్‌పూల్ గొప్పా మాంచెస్టర్ గొప్పా అని కొట్టుకునేంత పని చేశారు. ముసలమ్మలు ముగ్గురు బట్టలతోనే నీళ్ళలో కూర్చుని, మెడ దాకా మునిగి, రెండు గంటలు కబుర్లు చెప్పుకున్నారు. ఎవరూ ఈదలేదు. నడిమధ్యలో వాన పడింది. నేను సామాను సర్దబోయాను. పక్కింటావిడ నవ్వి, కూర్చో, అది మనకోసం రాలేదు, పోతుంది అంది. పోయింది.

అక్క: ఫోన్లో చెప్పావే, ఆ డప్పుల వాళ్ళు?

చెల్లెలు: నాలుగింటికి ఎండిన సరుగుడు ఆకులు పోగేసి మంట పెట్టారు. రవాన్ అని మేకతోలు డప్పు, ఇంత పెద్ద చట్రం, పలచగా ఉంటుంది. మంట దగ్గర తిప్పితిప్పి తోలు బిగిసేదాకా కాచారు. మధ్యమధ్య వేలితో కొట్టి వింటారు. బిగిశాక మొదలుపెట్టారు. సెగా ఆట. పాదం నేలమీంచి లేవదు, జరుగుతుంది అంతే. నడుమే ఆడుతుంది. డెబ్బై ఏళ్ళావిడ వచ్చి ఆడింది, కోడలితో పోటీపడి. ఆ రోజు నేను ఒక్కసారి కూడా ఫోన్ చూడలేదని ఇంటికొచ్చాక తెలిసింది.

అక్క: బాగుంది. కానీ చూడు, ఆ ఆట ఎక్కడిది? బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాళ్ళది. నిన్న మీ ఆయన మమ్మల్ని పోర్ట్ లూయిస్ తీసుకెళ్ళి ఆప్రవాసీ ఘాట్ చూపించాడు. ఆ పదహారు మెట్ల దగ్గర నాకు కాళ్ళాడలేదు. 1834 నుంచి నాలుగున్నర లక్షల మంది మనవాళ్ళు ఆ రేవులో దిగారట. మన కోరంగి రేవు నుంచీ, విశాఖ నుంచీ, గంజాం నుంచీ వచ్చినవాళ్ళు అందులో ఉన్నారు. ఐదేళ్ళ ఒప్పందం. చెరుకు తోట. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారట. ఒకటికి రెండు! జబ్బు పడ్డా అంతే. నేను లెక్క వేసుకున్నాను. నెలలో పది రోజులు మంచం పడితే ఇరవై రోజుల కూలి పోతుంది, మిగతా ఇరవై రోజులు పనిచేసినా చేతికొచ్చేది పది రోజుల కూలే. అలాంటి చోటికి వచ్చి నువ్వు తీరిక గురించి నాకు పాఠం చెబుతున్నావు.

చెల్లెలు: అక్కా, నా పాఠం అదే. ఒక్క రోజు కూర్చున్నందుకు రెండు రోజుల కూలి కట్టినవాళ్ళ మునిమనవలు వీళ్ళు. సెగా ఆడినవాళ్ళకి రాత్రి చీకటి తప్ప సొంత సమయం లేదు. అలాంటివాళ్ళ పిల్లలు ఆదివారాన్ని ఎవరికీ ఇవ్వరు. నువ్వు బద్ధకం అనుకుంటున్నది వీళ్ళ ఆస్తి. సముద్రం ఒడ్డు కూడా అంతే. హోటళ్ళు ఎంత ముందుకి జరిగినా, నీళ్ళ అంచున నడవడానికి అందరికీ హక్కుంది. ఏ హోటలైనా ఇంకొంచెం ఇసుక కలుపుకోబోతే జనం ఊరుకోరు. మన దగ్గర తీరిక అంటే డబ్బున్నవాడి వ్యవహారం, లేకపోతే పనిలేనివాడి వ్యవహారం. ఇక్కడ చెరుకు కోసే మనిషిదీ, బ్యాంకు మేనేజరుదీ ఒకే ఒడ్డు.

(నాకు నచ్చిన మాట ఇది. మా ఆవిడకీ నచ్చింది. అందుకే వెంటనే ఎదురు తిరిగింది.)

అక్క: ఒకే ఒడ్డా? మరి ఆ మెట్రో పక్కన కట్టే కొత్త బిల్డింగు మీద, ఆదివారం కూడా హెల్మెట్లు పెట్టుకుని ఉన్నవాళ్ళెవరు? నేను పలకరించాను. బంగ్లాదేశ్ అబ్బాయి ఒకడు, నేపాల్ వాడు ఒకడు. బట్టల ఫ్యాక్టరీల్లో మడగాస్కర్ అమ్మాయిలున్నారట. మన దేశం నుంచీ తాపీవాళ్ళొస్తున్నారట. నీకూ వాళ్ళకీ ఒకే సముద్రం దాటే విమానం. నీ కాగితం మీద కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు, వాళ్ళ కాగితం మీద డార్మిటరీలో మంచం. ఓవర్‌టైం కోసం ఆదివారం అమ్ముకుంటున్నారు. నీ పక్కింటావిడ ముత్తాత సంపాదించిన ఆదివారం వాళ్ళదాకా రాలేదు.

చెల్లెలు: రాలేదు.

అక్క: మరి?

చెల్లెలు: మరి అంటే నా దగ్గర జవాబు లేదు అక్కా. ఉందని చెప్పను.

అక్క: సరే, జవాబున్నదే అడుగుతాను. మీ పక్కింటి పాప నాకు తెలుగులో పద్యం అప్పజెప్పింది. సర్కారు ప్రైమరీ స్కూల్లో తెలుగు చెబుతారట. హిందీ, ఉర్దూ, తమిళం, మరాఠీ, చైనా భాషలతో పాటు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో డిగ్రీ దాకా తెలుగుందట. ఉగాదికి దేశమంతా సెలవట. మన దేశంలో కూడా అంతలేదు. మన కూతురు, అదే నీ కూతురు, పద్యం మాట దేవుడెరుగు, “పెద్దమ్మా, నాకు అది వద్దు, సే పా బోం” అంటోంది. వాళ్ళు నూట ఎనభై ఏళ్ళు పట్టుకున్నది నువ్వు పదేళ్ళు కాకుండా వదిలేశావు.

చెల్లెలు: వాళ్ళకి వెనక్కి వెళ్ళే దారి లేదు, అందుకు పట్టుకున్నారు. నాకు రోజూ సాయంత్రం ఫోన్లో అమ్మ ఉంది, తెలుగు సినిమా ఉంది, రేపు ఏ ఎండాకాలమో టిక్కెట్టు ఉంది. పోదన్న ధీమా ఉన్నదాన్ని మనిషి గట్టిగా పట్టుకోడు. తప్పే. పైగా మేం వేసిన స్కూలు ప్రైవేటుది, ఇంగ్లీషూ ఫ్రెంచీ తప్ప మూడోది లేదు.

అక్క: స్కూలు మీద పెట్టకు. ఇంట్లో కూడా ఇక్కడి జనం భాష, ఆ క్రియోల్ మాట్లాడుతున్నది నువ్వు.

చెల్లెలు: సంతలో మాట్లాడకపోతే వంకాయలు ఎవరిస్తారు? మొన్న శనివారం నువ్వే చూశావుగా. మునగాకు కట్ట, చేమాకు, పొట్లకాయ, బీరకాయ, అన్నీ దొరికాయి. క్రియోల్‌లో బేరం చేస్తే ఒక గుప్పెడు కొత్తిమీర పైన వేస్తారు. ఫ్రెంచిలో అడిగితే హోటల్ రేటు చెబుతారు.

అక్క: రేట్ల మాట ఎత్తావు కాబట్టి చెబుతున్నా. బియ్యం బయటినుంచే, పప్పు బయటినుంచే, పాలపొడి ఎక్కడిదో. ఈ తీరిక అంతా ఓడలు వచ్చినన్నాళ్ళే.

చెల్లెలు: నిజం. తుపాను టైములో అది బాగా తెలుస్తుంది. రెండో నంబరు హెచ్చరిక వస్తే స్కూళ్ళు మూత, పిల్లలకి పండగ. మాకు నీళ్ళు పట్టుకోవడం, కిటికీలు బిగించడం. హుద్‌హుద్ చూసినదానివి, నీకు నేను చెప్పేదేముంది. 1960లో కేరల్ తుపాను వచ్చి రేకుల ఇళ్ళూ చెక్క ఇళ్ళూ ఊడ్చేశాక ఇక్కడ అందరూ కాంక్రీటు డాబాలకి మారారు. అందుకే ఊళ్ళు చూడ్డానికి ఏమీ బాగోవు, గాలికి మాత్రం నిలుస్తాయి. భయం ఇప్పుడు నీళ్ళతో. 2024 జనవరిలో బెలాల్ వచ్చినప్పుడు పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి.

అక్క: ఈ సిమెంటు డబ్బాల కోసమా అంత దూరం?

చెల్లెలు: డబ్బాల కోసం కాదులే.

(ఇక్కడిదాకా సముద్రం ఒడ్డు. మిగిలింది ఆ రాత్రి వంటింట్లో, పిల్లలు పడుకున్నాక. నేను ముందు గదిలో ఉన్నాను, తలుపు తీసే ఉంది.)

అక్క: నాన్న సంగతి నేను ఎత్తకూడదనుకున్నాను.

చెల్లెలు: ఎత్తావుగా. అడుగు.

అక్క: అడగడానికేముంది. 2021 మే నెల. నువ్వు రాలేదు.

చెల్లెలు: రాలేదని అనకు. ఇక్కడ 2020 మార్చిలో సరిహద్దు మూశారు. పూర్తిగా తెరిచింది 2021 అక్టోబరు 1న. మొదటి లాక్‌డౌన్‌లో సూపర్‌మార్కెట్‌కి కూడా ఇంటిపేరు మొదటి అక్షరం ప్రకారం వారాలు పెట్టారు. మా ఆయన ఇంటిపేరుకి మంగళవారం, శుక్రవారం. ఆ దిగ్బంధంలో దీవి ఎంత చిన్నదో తెలిసింది. అరవై అయిదు కిలోమీటర్ల పొడుగు, నలభై అయిదు వెడల్పు. ఎటు నడిచినా నీళ్ళే. నాన్న పోయిన రోజున ఫోన్ గోడకి ఆనించి పెట్టి చూశాను. మీరు ఏడుస్తుంటే నెట్ ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి తీసుకెళ్ళిపోయారు. ఈ దీవి మీద నాకున్న కోపం అదొక్కటే. నీ వాదనలో మిగతావన్నిటికీ జవాబు చెబుతాను, దానికి చెప్పలేను.

అక్క: నేను విజయనగరంలోనే ఉన్నాను. ఆసుపత్రి గేటు దాటనివ్వలేదు. పదకొండు రోజులు కింద చెట్టు దగ్గర కూర్చున్నాను. చివరికి నాకూ ముఖం చూపించింది ఫోన్లోనే, వార్డుబాయ్ ఎవరో పుణ్యం కట్టుకుని. కాబట్టి అందులో నీ దీవి తప్పేమీ లేదు. నేను ఇన్నాళ్ళూ అది నీ ఖాతాలో రాశాను. తీసేస్తున్నాను.

(గిన్నెల చప్పుడు తప్ప చాలాసేపు ఏమీ వినబడలేదు. లెక్కల టీచరు కదా, తప్పు పద్దు ఉంచదు. కానీ సరైన పద్దు వదలదు కూడా.)

అక్క: కానీ అమ్మ ఖాతా ఉంది. మోకాళ్ళ డాక్టరు దగ్గరికి నేను. కళ్ళ ఆపరేషనుకి నేను. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్‌కి నేను. రాత్రి నిద్ర పట్టక పిలిస్తే నేను. రిటైరయ్యాక కాశీ వెళ్దామనుకున్నాం మేమిద్దరం, ఇప్పటికీ వెళ్ళలేదు. ఈ పదిహేను రోజులు రావడానికి పెదనాన్న కోడలి కాళ్ళు పట్టుకుని అమ్మని అప్పజెప్పి వచ్చాను. నీకు తీరిక ఉందంటే, నాకు లేదు కాబట్టి. అది ఈ దీవి ఇచ్చింది కాదు, నేనిచ్చింది.

చెల్లెలు: డబ్బు పంపుతున్నాను కదా అక్కా.

అక్క: పంపుతున్నావు. డబ్బు రాత్రి రెండింటికి లేచి మంచినీళ్ళు ఇవ్వదు.

చెల్లెలు: అమ్మని ఇక్కడికి పంపు.

అక్క: ఈ ముసుర్లోకా? మోకాళ్ళు పట్టేస్తాయి.

చెల్లెలు: అక్టోబరులో పంపు. అప్పటికి వేడి మొదలవుతుంది. నవంబరు, డిసెంబరుల్లో లిచీలు. పక్కింటావిడ వాళ్ళ గుళ్ళో రామభజన పెడతారు, మధ్యలో దీపస్తంభం పెట్టి తెల్లవార్లూ చుట్టూ తిరుగుతూ పాడతారు. సింహాద్రి అప్పన్న పూజ కూడా చేస్తారు. అమ్మకి సింహాచలం దూరమైందన్న బెంగ ఉండదు. ఆ ముసలమ్మల పక్కన నీళ్ళలో కూర్చోబెడతాను. ఉప్పునీళ్ళు మోకాళ్ళకి మంచివంటారు.

అక్క: అంటారు. డాక్టర్ని అడుగుతాను. అమ్మకి ఇక్కడ మాట్లాడ్డానికి మనిషుండాలిగా. నీ కూతురికి తెలుగు రాదు.

చెల్లెలు: అమ్మ వస్తే వస్తుంది.

అక్క: ఇదీ నీ తీరిక. ఆ పని కూడా అమ్మే చెయ్యాలి!

(ఇద్దరూ నవ్వారు. నేను పడుకున్నాను.)

నా మాట ఒకటి ఉంది. ఆ దీవి గురించి మా మరదలు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నేనూ ఆ ఒడ్డున కూర్చున్నాను. ఎవరో తెలియని కుటుంబం తమ డేగిసాలోంచి నాకో పళ్ళెం పెట్టి, నా పేరు కూడా అడక్కుండా మళ్ళీ ఆటలో పడిపోయారు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో నేను అలా ఒక్క ఆదివారం గడపలేదు. మా పిల్లల్నీ గడపనివ్వలేదు. ఇద్దరూ ఇప్పుడు బెంగళూరులో ఆదివారాలు లాప్‌టాప్ ముందు గడుపుతున్నారు. అయినా తగువులో గెలిచింది మా ఆవిడే. విదేశంలో హాయిగా ఉన్న ప్రతి ఇంటి వెనకా, ఇక్కడ డాక్టరు గది బయట టోకెన్ పట్టుకుని కూర్చున్న ఒక అక్కో, వదినో, తమ్ముడి భార్యో ఉంటుంది. వాళ్ళకి పండక్కి చీర పంపితే సరిపోదు. ఏడాదికి మూడు నెలలు ఆ టోకెన్ మీరు పట్టుకోండి.

అక్టోబరు రెండో వారానికి మా అత్తగారికి ముంబై మీదుగా టిక్కెట్టు అయింది, వీల్‌చెయిర్ సాయంతో. అదే వారానికి మా ఇద్దరికీ కాశీ రైలు. మరదలి వాళ్ళ పర్మిట్ ఇంకో మూడేళ్ళు పొడిగించారు.